ఏడో గడి

అట్టకి క్లిప్పు పెట్టిన ఒక కాగితం.
చెత్త ఎత్తే రోజులు, మంచు తవ్వే వంతులు,
తప్పిపోయిన పిల్లి ఫొటో.
కింద పద్నాలుగు గడులు, పద్నాలుగు ఇళ్లకి.
చదివి, మన గడిలో ఎర్రముద్ర వేసి
పక్కింటి గుమ్మంలో పెట్టి రావాలి.
అంతే. మాట్లాడక్కర్లేదు.

నాది ఆరో గడి.
ఏడోది నిషిగుచి వాళ్లది.

డిసెంబరు నుంచి అట్ట
మా ఇంటి నుంచి నేరుగా ఎనిమిదికి పోతోంది.
దాటించమని ఎవరూ చెప్పలేదు.
మొదట దాటించింది నేనే.
చలిగా ఉంది, వాళ్లింట్లో దీపం లేదు, అనుకున్నాను.

దీపం ఉంది.

వాళ్లాయన దొంగతనం చెయ్యలేదు.
చేపముద్దల ఫ్యాక్టరీలో
పాత పెట్టెలకి కొత్త తారీఖులు అంటిస్తున్నారని
టొయామా దాకా వెళ్లి ఆఫీసులో చెప్పి వచ్చాడు.
గేటుకి రెండు నెలలు తాళం.
తొమ్మిది ఇళ్ల జీతాలు ఆ గేటు లోపలే.
ఆ తారీఖులు అంటించిన చేతుల్లో
ఇవీ ఉన్నాయి.

ఎవరూ తిట్టలేదు. మా వీధిలో తిట్టరు.
కూరల కొట్టు ముసలమ్మ అందరికీ కొసరేస్తుంది,
ఆమెకి మాత్రం తూకం సరిగ్గా.
మోసం లేదు. కొసరు లేదు, అంతే.
వాళ్ల చిన్నాడి పుట్టినరోజు నాడు
వీధిలో పిల్లలందరికీ ఒకేసారి జలుబు చేసింది.

జనవరిలో మంచు పడి అంతా బయటపెట్టింది.
ఎవరి గుమ్మం ముందు వాళ్లు తవ్వుకుని
పక్కింటి వైపు ఓ మూర ఎక్కువ తవ్వడం ఇక్కడి మర్యాద.
నేను నా గోడ దగ్గర ఆగాను.
ఎనిమిదో ఇంటాయన తన గోడ దగ్గర ఆగాడు.
ఊరందరిదీ ఒక దారి అంటారే,
ఆ దారిని మేడ కిటికీలోంచి చూశాను:
పారతో గీసినట్టు తిన్నగా వచ్చి
ఒకచోట నడుమెత్తు తెల్లగా తెగి
మళ్లీ తిన్నగా.

ఆమె ఒక్కతే తవ్వుతోంది.
పిల్లాడి బొమ్మ పార కూడా పక్కనే గుచ్చి ఉంది.
నా గోడ దాకా వచ్చింది.
అప్పటికే మా కప్పు మీది మంచు జారి
నేను తవ్విందంతా పూడిపోయింది.
ఆగలేదు. మా వైపు ఓ మూర ఎక్కువ తవ్వి,
నడుం పట్టుకుని, లోపలికి వెళ్లిపోయింది.
పైకి చూడలేదు.
క్షమించిందో, ఎత్తిపొడిచిందో,
ఉత్త అలవాటో.

సాయంత్రం అట్ట వచ్చింది.
ముద్ర వేశాను. కొంచెం వంకరగా పడింది.
ఎనిమిదికి ముప్పై అడుగులు. ఏడుకి పదకొండు.
ఎదురింటి తెర కదిలింది.
అట్ట చంకలో పెట్టుకుని
ఆమె తవ్విన మూరెడు మీద నిలబడ్డాను.
బూట్ల కింద నేల,
నల్లగా, తడిగా.