మొప్పల దగ్గర పట్టే వల

తెల్లారి నాలుక్కి నడుం కర్రలా ఉంటుంది.
పక్కకి తిరగాలంటే
ముందు ఒక చెయ్యి, తర్వాత ఒక తిట్టు.
హార్బర్లో మొదటి బోటు ఇంజను దగ్గే వేళకి
కొంచెం కొంచెంగా వదులవుతాను,
తుప్పు పట్టిన కప్పీలాగ.

మా అయ్యదీ ఇదే నడుం.
చివరి పదేళ్ళూ ఆకాశం చూడకుండా
ఇసకనే చూస్తూ నడిచాడు.
పెద జాలరిపేటలో మమ్మల్ని
"గూనోడి పిల్లలు" అనీవోరు.
తమ్ముడు ఎల్లాజీకి ఆ మాట అంటలేదు.
వాడు నిటారు. తెరచాప కొయ్య.
వాడు కెరటంలోకి దూకితే డాల్ఫిన్స్ నోస్ కొండ కూడా
తల తిప్పి చూసీదనీది మాయమ్మ.

ఒకే బోటు, ఒకే కూలి,
పారాదీప్ రేవులో ఒకే సందు.
రెండు చీటీలూ ఒకే రోజు ఇచ్చారు.
కేజీహెచ్ మెట్ల మీద కూచుని
వాడు నాది కూడా చదివి
"అన్నా, ఇందులోనూ వాటా కలిసింది" అని నవ్వాడు.

ఆరేళ్ళు. అంతే.
ముందు బుగ్గలు, తర్వాత గొంతులో తెల్లపూత,
తర్వాత నా భుజం మీద
తడిసిన చొక్కా అంత బరువు.
ఉచితంగా మాత్రలు రావడానికి
ఇంకా రెండు వేసవులుంది.

నేనేమో వేటకి పోతూనే ఉన్నాను.
వాడి పిల్లకి చెవులు కుట్టించాను.
రక్తం తీసిన ప్రతిసారీ
ల్యాబు కుర్రాడు రెండేసిసార్లు అడిగీవోడు:
"గరికిన మసేనయ్య మీరేనా?"
అంకె తగ్గలేదు మరి.
పేటలో అమ్మోరి దయ అన్నారు.
మరదలు ఏమీ అనలేదు.
నా కంచంలో కోనాం ముక్క వేసి
అటు తిరిగి నిలబడింది.

చాన్నాళ్ళకి ఓ డాక్టరమ్మ నా వెన్ను తట్టి,
ఎక్స్‌రే దీపానికి పట్టి,
ఇంకో గొట్టం రక్తం అడిగింది.
వచ్చే నెల చెప్పింది, నాకు తెలిసిన మాటల్లో.
ఈ పురుగు వేషాలు మారుస్తుంది,
ఒంట్లో వేసిన ప్రతి వలా తప్పించుకుంటుంది.
కొందరికి పుట్టుకతోనే అల్లిన ఒక వల
దాన్ని మొప్పల దగ్గర పడుతుంది.
తోక మార్చుకోవచ్చు, పొలుసు మార్చుకోవచ్చు,
మొప్పలు మార్చుకుంటే ఈదలేదు.
"మీ నడుం బిగించిందీ ఆ వలే కావచ్చు.
అలా అనుకుంటున్నాం.
ఒట్టేసి చెప్పలేను" అంది.
మాత్రలు మాత్రం మానొద్దంది.
మానలేదు.
ఎంత గట్టి వలైనా చిరుగుతుందని
నాకొకరు చెప్పాలా?

అయ్య పోయేముందు పంపకాలు చేశాడు.
కొత్త నైలాను వల ఎల్లాజీకి,
చిల్లుల తెప్ప నాకు.
ఆ రోజంతా అన్నం తినలేదు నేను.
అంతకు చాలా ముందే, మాయమ్మ కడుపులో,
ఇంకో పంపకం అయిపోయింది.
పెద్దమనుషుల్లేరు, కాయితం లేదు.
గూని ఎవరికి, నిటారు ఎవరికి,
ఎవరూ అడగలేదు.

అడిగుంటే
నేనూ వాడి వీపే కోరుకునీవోణ్ణి.