నాలుగో పేరా

"గవర్నరు ఆదేశానుసారం, వారి పేరున" –
ఇరవై రెండేళ్లుగా కొడుతున్నాను ఈ మాట,
మహారాణిపేట ఆఫీసులో, ఫ్యాను గాలి అందని మూల,
పైనుంచి ఇంగ్లీషులో దిగిన జీవోని
తెలుగులోకి దింపుతూ.
ఆ గవర్నరు ఈ కాగితం చూసుంటారనుకోను.
సెక్రటరీ సంతకం పడితే చాలు,
అది ఆయన గొంతయిపోతుంది.

ఏప్రిల్ నడుమ వేట నిషేధం.
అరవై ఒక్క రోజులు హార్బరులో బోట్లు
ఒకదాని భుజాన ఒకటి తల వాల్చి నిద్ర.

ఆ మధ్యాహ్నం పెదజాలరిపేట నుంచి
చోడిపల్లి నూకరత్నం వచ్చింది.
"మా మావ తెప్పట్టుకుపోనారు బాబూ, వలతో సహా.
సముద్రానికి తాళవేసీసినారంట.
ఏదీ, ఆ తాళం సూపించు."

కాగితం చూపించాను.
"ఇది సట్టవా?"
"కాదమ్మా. చట్టం సభలో పుడుతుంది.
ఇది దాని చేతికర్ర.
చట్టం చెయ్యి ఎంత చాస్తే అంతవరకే దీని పొడుగు.
అంగుళం మించితే కోర్టు విరిచేస్తుంది."
"మరి ఆ కానిస్టేబులు ఏ కర్రట్టుకొచ్చినాడు?
పైనించి నోటిమాటొచ్చిందన్నాడు."

నోటిమాట.
దానికి నంబరుండదు, తేదీ ఉండదు.
రేపు నిలదీస్తే
నోరే ఉండదు.

వేలు పెట్టి చదివాను, పైకి,
ఒకటో తరగతి కుర్రాడిలా.
నాలుగో పేరా:
"ఇంజను లేని సంప్రదాయ తెప్పలకు
ఈ నిషేధం వర్తించదు."
ఏటేటా నేనే కొట్టిన వాక్యం.
వేళ్లకి తెలుసు.
నాకే తెలీదు.

"మీ తెప్పకి ఇంజనుందా?"
"ఇంజనా! మా మావకి మోకాళ్లే సరిగ్గా నేవు."

రెండు రూపాయల జిరాక్సు,
నాలుగో పేరా కింద ఎర్రసిరా గీత.
మడిచి రొండిన దోపుకుని
మెట్లు దిగిపోయింది, చెప్పుల్లేని కాళ్లతో.

మూడోనాడు తెప్ప వచ్చిందట.
వల రాలేదు.
వల పట్టుకున్నట్టు ఎక్కడా రాసి లేదట,
రాయనిది ఎలా తిరిగిస్తామన్నారట.
దానికి నా దగ్గర పేరా లేదు.

ఆదివారం పొద్దున్న మా గుమ్మంలో
అరిటాకు పొట్లం, కవ్వళ్లు.
సర్వీసు రూల్సు గుర్తొచ్చి ఆగిపోయాను.
పిల్లి ఏ రూలూ చదువుకోలేదు.

మరుసటి ఏప్రిల్, కొత్త జీవో దిగింది.
ముందు చదివాను.
తర్వాతే కొట్టాను.
నాలుగో పేరా అయిదుకు జరిగింది.
ఉంది.