గుర్తు తెలియని

పురానాపూల్ దిగువన నా దుకాణం.
ఎడమ గోడకు ఆనించినవి సమాధి రాళ్లు,
కుడి గోడకు శంకుస్థాపన ఫలకాలు.
సుత్తె ఒక్కటే.
అక్షరానికింత అని తీసుకుంట,
ఉర్దూల నుక్తాలకు, తెలుగుల ఒత్తులకు
పైసలడగ.

మొన్నటెండల తుక్కు గోదాము కాలినప్పుడు
షట్టరుకు బయటికెళ్లి తాళం ఉండె.
లోపల పదమూడు మంది.
చెవి ఎవరి జేబుల ఉండెనో
పంచనామాల ఇప్పటికీ ఖాళీ గీత.

ఏడాది తిరిగేసరికి రాయి నిలపాలని
కమిటీ వచ్చింది. కుర్చీలు చాలక
చెక్కని బండల మీదనే కూసున్నరు.
పేర్ల కాయితం నా చేతిల పెట్టి
"పైన ఏం గుర్తు పెడదాం?" అన్నరు.

ఓంకారమే, అన్నడొకాయన,
ఏడుగురు మనోళ్లేనని వేళ్లు మడిచి చూపిండు.
నెలవంక లేకుంటే మా నలుగురి పేర్లు తీసెయ్యుండ్రి,
అని ఇంకొకాయన లేచి, మళ్లీ కూసున్నడు.
ఏలియా బిడ్డ గుమ్మం కాడ నిలబడే ఉంది.
"ఒక్కడి కోసం సిలువ పెడతరా సార్?"
అడుగుతున్నదో, వద్దంటున్నదో
నాకు సమజ్ కాలే.
కార్పొరేటర్ మనిషి నవ్విండు:
మూడూ పెట్టు. ఏదీ పెద్దగ కనబడొద్దు,
నేనే స్కేలు పట్టి కొలుస్త.

రాత్రి సుద్దముక్కతోని గీసి చూసిన.
ఓంకారం మలుపు కాడ ఉలి నెమ్మదిగ తిరగాలె,
నెలవంక కొసలు పగుల్తయి,
సిలువ సులువు, రెండు గీతలు.
మూడూ ఒక్క వరుసల కూసుంటే
ఓట్ల కాయితం లెక్క ఉన్నది.
కింద సచ్చినోళ్లు, ఓటర్ల జాబితా.

తుడిచేసి పేర్లు మొదలుపెట్టిన.
శాంతాబాయి. దేవ్‌జీ. పెంటమ్మ.
ఫహీమాకు ఒత్తు ఉంటదా, ఉత్త పానేనా
అని వాళ్లమ్మను పిలిచి అడిగితే
"బడికి పోతే కదా బేటా
ఒత్తులు తెల్సేది" అన్నది.
ఒత్తు పెట్టిన. ఎక్కడుంటదో
ఆమె వేలు పట్టి చూపిచ్చిన.

పదమూడో వరుసకు
పోలీసులు రాసిందే రాసిచ్చిండ్రు:
గుర్తు తెలియని వ్యక్తి.

ఉలి ఆగింది.

మార్చురీల ఆడో మగో చెప్పలేకపోయిండ్రట.
వేలికి ఇనుప ఉంగరం మిగిలిందట.
ఇనుప ఉంగరం శని పోవాలని పెట్టుకుంటరు.
దర్గా కాడ కూడ ఇస్తరు.
తుక్కుల దొరికితే
బాగుందని ఊరికెనే పెట్టుకుంటరు.

పైన జానెడు జాగ వదిలిన,
మీరు తేల్చుకోండ్రి, వచ్చి చెక్కుత, అన్న.
రాయి నిలబడి మూడేండ్లు.
కమిటీల ఇద్దరు మాట్లాడుకోరు,
ఒకాయన పోయిండు కూడ,
ఆయన రాయి కూడ నేనే చెక్కిన.

ఆ జానెడు జాగల
ఓ పొద్దుగాల కుంకుమబొట్టు,
ఓ వారం పచ్చరంగు,
ఓసారి ట్యూషన్ సెంటర్ పోస్టరు.
కిరాసనాయిల్ గుడ్డతోని తుడిచొస్త,
ఎవ్వరికీ చెప్ప.
ఒక్కరాత్రి మాత్రం
సుద్దతోని తాళంకప్ప గీసొచ్చిన.
తెల్లారి అది ఒక్కటే
ఎవరో నీళ్లు పోసి, రుద్ది రుద్ది కడిగిండ్రు.

నిన్న పోతే ఫహీమా తల్లి ఉంది.
పైకి చూడదు ఆమె, పైన ఏమున్నది, ఏం లేదు
ఎన్నడూ అడగలే.
కొంగుతోని నాలుగో వరుస తుడిచి
వేలుతోని దేవులాడుతున్నది.
"ఒత్తు కాడ లోతు తక్కువైంది బేటా,
వేలుకు తాకుత లేదు."

సంచిలకెళ్లి
సన్న ఉలి తీసిన.