క్రెడిట్‌కి ఎంత?

గడువు దాటిన పుస్తకాల చీటీల వెనక
లెక్కలు వేస్తున్నాను.
ముప్పై ఆరు క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కి ఎంత?

మొదటి యూనివర్సిటీ చెప్పిన వెల
మా ఇంటి వెలకన్నా ఎక్కువ.
రెండోది నది అవతల.
మా పెరట్లోంచి రాయి విసిరితే
ఆ రాష్ట్రంలో పడుతుంది.
రాయికి రుసుం లేదు.
నేను దాటితే మాత్రం రెండింతలు.

మూడోది చవక.
నాలుగోసారి చదివితే అడుగున
చీమ తలకాయంత అక్షరాల్లో దొరికింది:
కెంటకీ బడుల్లో ఈ పట్టా చెల్లదు.

వెర్నా కాడిల్ అంటారు నన్ను.
పదకొండేళ్లుగా ఈ బడి లైబ్రరీలో సహాయకురాలిని.
గంటకు పన్నెండు డాలర్ల నలభై సెంట్లు,
వేసవి మూడు నెలలూ సున్నా.
అట్టలు వేస్తాను, చిరిగిన పేజీలు అతికిస్తాను,
ముక్కు కారే పిల్లలకి కాగితపు రుమాళ్లు అందిస్తాను.
లైబ్రేరియన్ని మాత్రం కాను.
మిస్ ఓపల్ రిటైరైనప్పటి నుంచి
ఆ కుర్చీ ఖాళీ.
దాని పక్కన స్టూలు మీద నేను.

డిగ్రీ ఉన్న మనిషి దొరక్కపోతే వచ్చే ఏడు
ఈ గది పరీక్షల కంప్యూటర్లకట.
ఆ మాట చెబుతూ ప్రిన్సిపాల్
కార్పెట్ మీది మరకనే చూశాడు.
అది ద్రాక్షరసం.
ఎవరు ఒలకబోశారో, ఆ రోజు
ఏ పుస్తకం చదువుతూ ఒలకబోశారో
నాకు తెలుసు.

విద్యార్థి సాయం పుస్తకాల అంకె
మూడు వందల డెబ్బై ఎనిమిది, చుక్క, మూడు.
మా అరలో ఆ అంకెకి ఒకే ఒక్క పుస్తకం,
నాకంటే కాస్త చిన్నది.
ఫలానా చిరునామాలకి ఉత్తరాలు రాయమంటుంది.
నవ్వొచ్చింది.
నవ్వుకున్నాక, రాశాను.
రిటైరైన టీచర్ల సంఘం ఐదు వందలు పంపింది.
చన్నీళ్లకు వేణ్ణీళ్లు.

జూబల్ వచ్చాడు, రెండో తరగతి,
మళ్లీ బీవర్ పుస్తకమే కావాలట.
"ఆనకట్ట మొత్తం ఒక్కరోజులో కడుతుందా?"
"లేదురా. ఒక్కో పుల్లా తెస్తుంది."
"మధ్యలో వరదొస్తే?"
నాకు తెలీదన్నాను.
ఇద్దరం కూర్చుని వెతికాం.
మళ్లీ తెస్తుందట.

మా ఇంట్లో నెట్ అందదు.
డాలర్ స్టోర్ బయట ట్రక్కు ఆపుకుని
వాళ్ల వైఫై వాడుకుంటాను.
హీటర్ వేస్తే పెట్రోలు, వేయకపోతే వేళ్లు కొంకర్లు.
నాలుగో యూనివర్సిటీ:
సెమిస్టర్‌కి ఒక్క కోర్సు చాలంది,
పట్టా చెల్లుతుందని పెద్ద అక్షరాల్లోనే రాసింది.
పన్నెండు సెమిస్టర్లు. ఆరేళ్లు.
అప్పటికి నాకు యాభై నాలుగు.
"చదవకపోయినా వస్తాయిగా యాభై నాలుగు,"
అన్నాడు డోయల్, రెండు దగ్గుల మధ్య.
గని మిగిల్చిన దగ్గు అది.
చేరినట్టు కాగితం చూపిస్తే
గదిని ఒక్క ఏడాది ఆపుతారట.
ఒక్క ఏడాదే.

ఎందుకు చదవాలనుకుంటున్నారు? అని అడిగింది దరఖాస్తు.
ఐదు వందల పదాలకు మించకూడదట.
ద్రాక్షరసం మరక గురించి రాశాను.
నాలుగు వందల పన్నెండు వచ్చాయి.

పది గంటలకి స్టోరు దీపాలు ఆర్పేశారు.
వైఫై మాత్రం ఇంకా వస్తోంది.