తిరిగి వస్తాననడానికి

బ్రాడీపేట నాలుగో లైన్లో, జిరాక్సు షాపు మేడ మీద
బాజీ ముందు కూర్చున్నాను.
గోడకి ప్రపంచ పటం. నేను క్లాసులో వేలాడదీసేదే,
కాకపోతే దీని మీద దేశాలకి రేట్లున్నాయి.

"ఏ దేశం మేడం?"
నార్వే అన్నాను.
అతను నవ్వలేదు. మంచివాడు.
డాక్టరు రిపోర్టు చదివినట్టు చెప్పాడు:
"శ్రీలంకైతే వారంలో పని. మలేషియా ఇంకా తేలిక.
మనం దేశాన్ని ఎంచుకోకూడదు మేడం,
మనల్ని రానిచ్చేదాన్ని ఎంచుకోవాలి."

ఇరవయ్యారేళ్ళుగా కొత్తపేట మునిసిపల్ స్కూల్లో
ఎనిమిదో తరగతికి చెబుతున్నాను,
వేసవిలో అక్కడ సూర్యుడు అస్తమించడని.
పోయినేడు వెనక బెంచీ నుంచి రత్నకిశోర్ లేచి
"మీరు చూశారా మేడం?" అన్నాడు.
వెటకారం కాదు. వాడికి నిజంగానే కావాలి.
గంట కొట్టారు కాబట్టి బతికిపోయాను.

ఫారంలో ఇంటిపేరు చివర రాయాలట.
కొల్లిపర సువార్త, సువార్త కొల్లిపర అయింది,
ఎవరో నా చీర తిరగేసి కట్టినట్టు.
భర్త: లేడు. పిల్లలు: లేరు.
బాజీ పెన్ను ఆగింది.
"ఇదే ఇబ్బంది మేడం. వెనక్కి లాగే తాడేదో కనపడాలి వాళ్ళకి."

ఖాతాలో ఆర్నెల్ల లెక్క.
చీటీ పాడిన నెల తప్ప
అన్నీ ఇరవయ్యో తారీఖుకే చల్లారిన పొయ్యిలు.
"మూడు లక్షలు నే వేయిస్తా. పనవగానే తీసేద్దాం."
వద్దన్నాను.
పరీక్షల్లో చిట్టీలు పట్టుకునే చెయ్యి ఇది.

ఉత్తరం మాత్రం నేనే రాస్తానన్నాను.
ఎందుకు తిరిగి వస్తారు అన్న ప్రశ్నకి
రాత్రి రెండింటి దాకా జవాబు రాశాను.

అయ్యా,
జూన్ పన్నెండున బడి తెరుస్తారు,
పటాల బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంది.
వాన పడితే మూడొంతెనల కింద నీళ్ళు నిలుస్తాయి,
ఆడపిల్లల్ని ఎవరో ఒకరు దాటించాలి.
చీటీ ఇంకా పద్నాలుగు నెలలుంది.
పైగా మీ ఊళ్ళో నాకు మాట్లాడ్డానికెవరూ లేరు,
ఇక్కడ పోట్లాడ్డానికి చాలామంది ఉన్నారు.

బాజీ చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.
వాళ్ళకి పంపింది వేరే ఎవరిదో పాత ఉత్తరం,
పేరు మార్చి.

హైదరాబాదులో, అద్దాల గదిలో వేలిముద్రలు.
గాజు పలక మీద నాలుగు వేళ్ళు ఆనించాను. పడలేదు.
తడిగుడ్డతో తుడిచి మళ్ళీ. పడలేదు.
"ఏం పని చేసేవారండీ?" అందా అమ్మాయి మెల్లగా.

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
పన్నెండు వేసవి సెలవులు
అమ్మ పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీశాను.
ఆ డబ్బుతోనే మొదటి అట్లాసు కొన్నాను.
రేషను డిపోలో మిషను అమ్మని ఏనాడూ గుర్తుపట్టలేదు.
ఇప్పుడు నన్ను.
ఐదోసారికి ఏదో పడింది,
వరదకి గట్లు చెరిగిపోయిన పొలం లాంటిది.

మూడు వారాలకి కొరియర్ వచ్చింది.
నా పాస్‌పోర్టు ఢిల్లీ దాకా విమానంలో వెళ్ళొచ్చింది, నాకంటే నయం.
అందులో ఒక కాగితం, టిక్కు పెట్టిన ఒక గడి:
గడువులోగా మీరు వెనక్కి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదు.

శంకర్‌విలాస్ దగ్గర, ఎండలో నిలబడి చదివాను.
కట్టిన రుసుము తిరిగి రాదని కింద చిన్న అక్షరాల్లో ఉంది.
రానిది అదొక్కటే.
నేను పట్టాలు దాటి, యార్డు వైపు నుంచి కొట్టే ఘాటుకి
రెండుసార్లు తుమ్మి,
మూడో పీరియడుకి పది నిమిషాల ముందే
వెనక్కి వెళ్ళాను.

రత్నకిశోర్ ఇప్పుడు తొమ్మిది. వరండాలో ఎదురొచ్చాడు.
"చూడలేదురా," అన్నాను. "రానివ్వలేదు."
వాడు కాసేపు ఆలోచించాడు.
"మరి, అస్తమించనిది నిజమేనా?"

నిజమే అంటారు, అని చెప్పాను,
ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి
అంటారు అని చేర్చి.