చిల్లర

నేలమాళిగలో ఐదు నిమిషాలిస్తారు.
అద్దానికి అటు వాడు, ఇటు నేను,
మధ్యలో ఎవరో గోటితో గీకిన సగం పేరు.
"చేశావా?" అని అడగను.
ఇరవై రెండేళ్లుగా ఆ మాట నా నోట రాలేదు.
తిన్నావా, కొట్టారా, అమ్మకి తెలుసా,
మూడే అడుగుతాను.
మూడోదానికి యెర్కో తల దించుకున్నాడు.
పందొమ్మిదేళ్లు. చెవి వెనక పచ్చి కుట్లు.

వల్పరైసో కొండల మీద మంచు దిగితే
నా గుమ్మం నాకే కనపడదు.
అలాంటి ఒక సాయంత్రం, ఏడూ ఇరవైకి,
దొన్యా ఎదెల్మీరా రొట్టెల కొట్లోకి
ఎవరో కత్తితో వచ్చారు.
పోయినవి ఎనభై నాలుగు వేల పెసోలు,
దాంతోపాటు ఆమె కుడిచేతి నిలకడ.

రోజూ నేను రొట్టె కొనే కొట్టు అదే.
ఉన్నమాట పై అధికారికి చెప్పాను.
"రొట్టె తినని వకీలుని నీకోసం ఎక్కణ్ణుంచి తేను, హిమేనా?"
అని ఫైలు నా వైపే తోశాడు.

మూడు సాయంత్రాలు ఆ సందులో నిలబడ్డాను.
అడుగులు లెక్కపెట్టాను, పద్నాలుగు.
దీపస్తంభం పదకొండు రోజులుగా చచ్చిపడుందని
మున్సిపాలిటీ చేతే రాయించుకున్నాను.
కుక్కలు నన్ను వాసన చూసి వదిలేశాయి.

పెళ్లి విందుల్లో ఎవరో ఒకరు అడుగుతారు,
దొంగల తరఫున ఎలా నిలబడతావని.
గ్లాసు చేతిలో ఉంటే గొప్పగా ఏదో చెబుతాను.
అసలు సంగతి ఇంత:
రుజువు బరువు రాజ్యానిది.
మొయ్యగలిగితే మొయ్యమంటాను,
కాళ్లు తడబడితే దించమంటాను.
బరువులు మోసే రేవులో పుట్టినదాన్ని,
తూలుతున్న నడక నాకు దూరం నుంచే తెలుస్తుంది.

విచారణ రోజు ఆమె నీలం కోటు వేసుకొచ్చింది.
నన్ను చూసి, అలవాటు కొద్దీ, నవ్వబోయింది.

"అమ్మా, అప్పుడు మీ కళ్లజోడు ఎక్కడుంది?"

పిండి పడుతుందని ఆమె దాన్ని తీసేస్తుంది.
గల్లాపెట్టె పక్కన మేకుకి తగిలిస్తుంది.
పోలీసులు ఈ ముక్క రాయలేదు.
సాక్షులెవరూ చెప్పలేదు.
ఏ కాగితంలోనూ లేదు.
పొద్దున్నే వేడి మర్రాకేటా సంచీలో వేయించుకుంటూ
ఏళ్ల తరబడి నేను చూసినది.
ఒకసారి ఆ జోడు జారి పడబోతే
పట్టుకుని ఇచ్చింది కూడా నేనే.

"మేకుకి," అంది ఆమె.
ఆ తర్వాత నా మొహంలోకి చూసింది,
కళ్లజోడుతో, స్పష్టంగా.

ముగ్గురు న్యాయమూర్తులు, ఒకే మాట.
సంశయలాభం.
లాభం అన్నారు గనక
ఎవరి జమలో పడిందో వెతుక్కున్నాను.
యెర్కో తల్లి నా రెండు చేతులూ పట్టుకుంది,
ఆమె వేళ్లు బ్లీచింగ్ వాసన.
వాడు మాత్రం సంతోషించలేదు, ఏడవలేదు,
బస్సుకి డబ్బులున్నాయా అని తల్లిని అడిగాడు.
వాడేనో కాదో నాకు ఈరోజుకీ తెలియదు.
తెలియనివ్వకుండా బతకడం కూడా పనిలో భాగమే,
దానికి మాత్రం జీతం లేదు.

మర్నాడు కొట్టు ముందు కాసేపు ఆగాను.
పక్క కొండ మీద ఇంకో కొట్టుంది.
అటు వెళ్తే తప్పు చేశానని ఒప్పుకున్నట్టు,
ఇటు వెళ్తే సిగ్గు లేనట్టు.
ఆకలి ఏదో ఒకటి తేల్చేసింది.

అర కిలో తూచింది. బొటాబొటి,
ఎప్పుడూ వేసే కొసరు రొట్టె లేకుండా.
కళ్లజోడు మేకుకి లేదు.
పిండి పడ్డ అద్దాల వెనక, ఆమె.

ఇదివరకు చిల్లర నా అరచేతిలో పెట్టేది,
వేళ్లు మూసి మరీ.
ఇప్పుడు బల్ల మీద పెడుతుంది.
ఆ చెయ్యి ఇంకా వణుకుతోంది కాబట్టి
నాణేలు చిన్నగా మోగుతాయి.

ఒక్కొక్కటే ఏరుకుంటాను.
లెక్క ఎప్పుడూ తప్పదు.