జానెడు ఇనుము

బ్రూక్లిన్ కింద, రాత్రి రెండుంపావు.
లియోపోల్డ్ హింక్సన్ మోకాళ్ల మీద కూర్చుని
పట్టా పక్కన లేచి ఉన్న
జానెడు ఇనుప చేతిని గుడ్డతో తుడుస్తున్నాడు,
చంటిదానికి ముక్కు తుడిచినట్టు.

"చూడు దనూతా,
పైన ఆ ఎర్రదీపం బతిమాలుతుంది.
ఇది, పేరుకి చేయే గానీ,
కాలు అడ్డం పెడుతుంది."

ఉద్యోగంలో నాకది పదకొండో రాత్రి.
నారింజరంగు కోటుకి కొట్టు మడతలు ఇంకా పోలేదు,
ఎడమ బూటులోకి మాత్రం అప్పుడే నీళ్లొచ్చాయి.

దీపాన్ని డ్రైవరు చూడకపోవచ్చు.
కునుకు పట్టొచ్చు, తుమ్ము రావచ్చు,
పొద్దున ఇంట్లో గొడవకి
చెప్పాల్సిన జవాబు
సరిగ్గా ఇప్పుడే తట్టొచ్చు.
చేయి అవేవీ అడగదు.
దాటబోయిన బండి పొట్ట కింద
చిన్న మీటను ఒకసారి తడుతుంది.
బుస్సుమని ఊపిరి పోయి
నాలుగు వందల టన్నులు చతికిలబడతాయి.

దాన్ని పడుకోబెట్టడానికి కరెంటు కావాలి.
లేచి నిలబడ్డానికి ఏమీ అక్కర్లేదు,
ఒక స్ప్రింగు చాలు.
తీగ తెగినా, ఎలుక కొరికినా,
నది సొరంగంలోకి చెమ్మగా దిగినా
లేచే ఉంటుంది.
సరే అనడానికి బలం కావాలట,
వద్దనడం దాని పుట్టుక.
మా పిన్ని అచ్చం ఇంతే అని నవ్వాను.
హింక్సన్ నవ్వలేదు. గ్రీజు డబ్బా అందించమన్నాడు.

స్టేషన్లో ఒక బండి నిలిచి ఉంటే
దాని వెనక కొంత చీకటిని
ఖాళీగా అట్టేపెడతారు.
ఆగడానికి పట్టే దూరాన్ని
ముందే కొలిచి, పరిచి,
ఎవర్నీ కూర్చోనివ్వని చాప అది.
ప్లాట్‌ఫారం మీద జనం మెడలు చాచి తిడతారు:
అదిగో లైట్లు, కనిపిస్తూనే ఉంది, రాదేం?

రాకపోవడం కూడా ఒకరు చేసే పనే.

మూడవడానికి అయిదు నిమిషాలుండగా ఫోను.
వాన్ డోరెన్ వీధి స్టేషను వెనక
ఒక బండి చేతికి తగిలి ఆగింది.

నడిచాం. నీళ్లలో, ఎలుకల మధ్య,
హింక్సన్ నా కంటే వేగంగా.
మారిసెల్ ఒకెండో కిందకి దిగి ఉంది.
మీటను మళ్లీ సరిచేయాల్సింది డ్రైవరేనని రూలు.
వంగింది గానీ వేళ్లు పట్టు దొరకక
మూడుసార్లు జారాయి.
"రెండు సెకన్లు," అంది స్పానిష్‌లో,
మళ్లీ ఇంగ్లీషులో, మళ్లీ స్పానిష్‌లో.
ఏమని అడగలేదు మేం.

ముందు స్టేషన్లో తలుపు ఇరుక్కుని నిలిచిపోయిన బండి.
వెనక పెట్టెలో వెన్ను మాకేసి పెట్టి
పిండి అంటిన చేతులతో బేకరీ కుర్రాళ్లు,
ఒకడి భుజం మీద ఇంకొకడు, నోరు తెరిచి నిద్ర.

టేపు పట్టుకున్నాను. అరవై రెండు అడుగులు.

హింక్సన్ కాగితం మీద రాశాడు:
నష్టం, లేదు.
గాయాలు, లేవు.
ఆలస్యం, పంతొమ్మిది నిమిషాలు.
జరగనిదాన్ని రాయడానికి
ఆ కాగితంలో గడి లేదు. వెతికాను.

వెళ్లేముందు మారిసెల్ ఆ చేతిని చూస్తానంది.
టార్చి వేశాను.
పసుపు రంగు మీద కొత్తగా ఒక గీత,
లోపలి ఇనుము తెల్లగా మెరుస్తోంది.
"ఇంతేనా?" అంది. "ఇంత చిన్నదా?"
హింక్సన్ ఆమెకి గుడ్డ ఇచ్చాడు.
తుడవాల్సిన మురికేం లేదు అక్కడ.
చాలాసేపు తుడిచింది.

తర్వాత ముందు బండి కదిలింది,
ఖాళీ తనంతట తాను ముందుకి జరిగింది,
దీపం పచ్చబడింది,
చేయి టక్కుమని పడుకుంది.
మారిసెల్ బండిని ఇంకెవరో తీసుకెళ్తుంటే
ముగ్గురం గోడ గూట్లోకి ఒదిగి నిలబడ్డాం.

దాటుతున్న కిటికీల్లో ఒకతను
మమ్మల్ని చూసి
కోపంగా
తన చేతి గడియారం చూపించాడు.